ఏఆర్ కాలింగ్‌లో 14 నెలలైంది, మానేయాలా ఇంకొన్నాళ్ళు ఆగాలా?

ఓరుగల్లు_పిల్ల

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది వరంగల్ దగ్గర పల్లె. హనుమకొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చేశాను. ల్యాబుల్లో ఉద్యోగం కోసం తిరిగితే ఎమ్మెస్సీ ఉందా అని అడిగారు, లేదంటే పదివేలు ఇస్తామన్నారు. చివరికి హైదరాబాద్‌లో ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీలో ఏఆర్ కాలర్‌గా వచ్చింది. నా మొదటి ఉద్యోగం ఇదే.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అమెరికాలో పేషెంట్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆ డాక్టర్ ఆఫీసు ఇన్సూరెన్స్‌కి క్లెయిమ్ పంపిస్తుంది. డబ్బు రాకపోతే మేం ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఎందుకు ఆపారో అడిగి, వాళ్ళు చెప్పింది సిస్టమ్‌లో రాయాలి. రోజుకి 40 అకౌంట్లు టార్గెట్. కొన్ని వెబ్‌సైట్‌లోనే తేలిపోతాయి, మిగతావాటికి ఫోన్ చేయాల్సిందే. అవతల మనిషి దొరికేదాకా ఇరవై నిమిషాలు, ఒక్కోసారి నలభై నిమిషాలు హోల్డ్. ఆ మ్యూజిక్ ఇప్పుడు నిద్రలో కూడా వినిపిస్తోంది. మనిషి దొరికాక మూడు నిమిషాల్లో అయిపోతుంది. "క్లెయిమ్ ప్రాసెస్‌లో ఉంది, ఇంకో పదిహేను రోజులు ఆగండి" అంటారు. అదే రాస్తాను, మళ్ళీ పదిహేను రోజులకి అదే అకౌంట్ నా దగ్గరికే వస్తుంది.

షిఫ్ట్ సాయంత్రం 6:30 నుంచి 3:30 దాకా. క్యాబ్ హాస్టల్‌కి చేర్చేసరికి పావు తక్కువ ఐదు. రూమ్‌లో నలుగురం, మిగతా ముగ్గురివీ పగటి ఉద్యోగాలు కాబట్టి ఏడింటికి అలారాలు మొదలవుతాయి. టిఫిన్ తొమ్మిదికల్లా ఎత్తేస్తారు. ఒక అమ్మాయి పాపం నా కోసం రెండు ఇడ్లీలు బాక్సులో తీసిపెడుతుంది, నేను లేచేసరికి ఒంటిగంట, అప్పటికి అవి గట్టిపడి ఉంటాయి, నీళ్ళు చిలకరించుకుని తింటాను.

జీతం 19,500. పీఎఫ్ 1,320, ఈఎస్ఐ 147, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోను చేతికి 17,883 వస్తుంది. హాస్టల్‌కి 7,000, ఇంటికి 6,000. మిగిలినదాంట్లో ఫోన్, చార్జీలు, తిండి.

జీతం తక్కువని కాదు నా బాధ. రెండు నెలల కింద ఒక స్కానింగ్ సెంటర్ క్లెయిములు నాకు ఇచ్చారు. ఎంఆర్ఐలు వరసగా డినై (తిరస్కరణ) అవుతున్నాయి, కోడ్ సీఓ 197, అంటే ముందస్తు అనుమతి లేదని. కానీ నేను ఫోన్ చేస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు "అనుమతి ఇచ్చాం, నంబర్ మా దగ్గర ఉంది, మీ క్లెయిమ్‌లోనే లేదు" అంటున్నారు. మూడు వారాల్లో ఇలాంటివి 31 వచ్చాయి, అన్నీ ఒకే బ్రాంచివి. డాక్టర్ పంపిన ఫ్యాక్స్‌లో నంబర్ ఉంటోంది, ఎక్కించేవాళ్ళు ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నారు. నాకు ఎంత సంతోషమేసిందో, మొదటిసారి ఏదో పట్టుకున్నాననిపించింది. వెళ్ళి మా టీమ్ లీడర్ (టీఎల్)కి చెప్పాను. ఆయన స్క్రీన్ మీది నుంచి తల కూడా ఎత్తకుండా "నువ్వు కాల్స్ చెయ్, అవన్నీ క్లయింట్ చూసుకుంటాడు" అన్నారు. ఆ రోజు నా కౌంట్ 34, టార్గెట్ కంటే ఆరు తక్కువ, దాని గురించి మాత్రం మెయిల్ వచ్చింది.

అప్పటి నుంచి లాగిన్ అవ్వాలంటేనే గుండె బరువెక్కుతోంది. నాన్నకి చెప్తే "ఎండలో నిలబడే పని కాదు కద బిడ్డా, ఏసీల కూసొని చేసేదే కద" అంటారు. ఆయనది రెండెకరాల పత్తి, ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, అందుకే ఎదురు చెప్పలేకపోతున్నాను.

ఇంకో సంగతి, చేరేటప్పుడు 18 నెలల బాండు మీద సంతకం చేశాను, ముందే మానేస్తే 50,000 కట్టాలని ఉంది. ఇంకా నాలుగు నెలలుంది. డిగ్రీ ప్రొవిజనల్ ఒరిజినల్ కూడా వాళ్ళ దగ్గరే ఉంది.

నా ఫ్రెండ్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతోంది, వచ్చేయమంటోంది. రూమ్ అద్దె సగం సగం పెట్టుకుందాం అంటోంది. వెళ్ళిపోవాలనిపిస్తోంది. కానీ నాకు అసలు అర్థం కానిదేమిటంటే, ఇది నిజంగా నాకు పనికిరాని ఉద్యోగమా, లేక కష్టపడలేక నేనే సాకులు వెతుక్కుంటున్నానా? మీ సొంత చెల్లెలైతే ఏం చెప్తారో అది చెప్పండి.

---

తెనాలి_కుర్రాడు

సాకులు వెతుక్కునేవాళ్ళు 31 క్లెయిములు లెక్కపెట్టరండీ.

నా సంగతి చెప్తాను. నేను మొదటి ఉద్యోగం ఒక రోజు మేనేజర్ అందరి ముందూ అరిచాడని ఆ సాయంత్రమే మానేసి బస్సెక్కి ఇంటికొచ్చేశాను. చేతిలో ఇంకో ఉద్యోగం లేదు. మొదటి నెల స్వర్గంలా ఉంది, నిద్ర, అమ్మ చేతి వంట. రెండో నెల నుంచి నాన్న మామూలుగా "ఏం చేస్తున్నావ్ రా" అన్నా నాకు వేరేలా వినపడేది. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను, ఎవరో ఒకరు అడుగుతారని. ఎనిమిది నెలలకి దొరికిన ఉద్యోగం పాతదాని కంటే రెండువేలు తక్కువకి. అప్పటికి ఎవరు పిలిచినా వెళ్ళేలా ఉన్నాను కాబట్టి అదే ఒప్పుకున్నాను. మానేయడం తప్పని నేను అనను, అక్కడ ఉండి ఉంటే ఆరోగ్యం చెడేది. కానీ ఎక్కడికి వెళ్తున్నారో చూసుకోకుండా బయటికి రావద్దు, నా మాట వినండి.

---

చిక్కడపల్లి_లైబ్రరీ

చెల్లీ, గ్రూప్స్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఇప్పుడు నిలబడ్డ చోటే నేను 2022లో నిలబడ్డాను.

అప్పుడు ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో బ్యాక్ ఆఫీసులో చేసేవాణ్ణి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లోన్ ఫైళ్ళు స్కాన్ చేసి ఎక్కించడమే. ఏప్రిల్‌లో గ్రూప్ 1 నోటిఫికేషన్ పడింది, 503 పోస్టులు, తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్ 1. మే నెలలో రాజీనామా చేశాను. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాను, బాగానే రాశాను. 2023 మార్చిలో పేపర్ లీకని రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, అంటే మళ్ళీ మొదటి నుంచి. గ్రూప్ 2 సంగతి చూస్తే 783 పోస్టుల నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ పొద్దున ఆరింటికి వెళ్ళి సెంట్రల్ లైబ్రరీ దగ్గర క్యూలో బ్యాగు పెట్టి చోటు పట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం బండి దగ్గర నిలబడి తినేవాణ్ణి.

నాకు రాలేదు. నా పక్క కుర్చీ అబ్బాయికి వచ్చింది, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. నేను చదివిన చదువు వృథా అనుకోను, ఇప్పటికీ ఆ రోజులంటే నాకు గౌరవమే. కానీ నేను ఎందుకు వెళ్ళానో ఇప్పుడు నిజాయితీగా చెప్తాను. నాకు ఆ ఆఫీసు నుంచి బయటపడాలి, గ్రూప్స్ ఒక తలుపులా కనబడింది, అంతే. డిప్యూటీ తహసీల్దార్ రోజూ ఏం పని చేస్తాడో కూడా అప్పటికి నాకు తెలియదు. నా పక్క అబ్బాయి అలా కాదు, వాళ్ళ ఊళ్ళో భూమి తగాదాలు చూస్తూ పెరిగాడు, రెవెన్యూలోకే వెళ్ళాలని ఇంటర్ నుంచీ ఉంది వాడికి.

నువ్వు పోస్ట్ అంతా చదివితే గ్రూప్స్ గురించి రెండు ముక్కలు రాశావు, ఆ ఎంఆర్ఐ క్లెయిముల గురించి పేరా మొత్తం రాశావు. అది ఒకసారి నువ్వే చూసుకో. అయినా వెళ్తానంటే మాత్రం పన్నెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకో, ఇంటికి పంపే ఆరువేలతో కలిపి. ఎన్నాళ్ళు చదువుతావో తారీకు ముందే రాసుకుని మీ నాన్నకి కూడా చెప్పు. నేను ఆ తారీకు పెట్టుకోలేదు, ప్రతి వాయిదాకీ ఇంకో ఆర్నెల్లే కదా అనుకుంటూ పోయాను.

---

హెచ్ఆర్_వైపు_నుంచి

పదకొండేళ్ళుగా హెచ్ఆర్‌లో ఉన్నాను, బాండు గురించి చెప్తాను. లాయర్‌ని కాను, పెద్ద మొత్తమైతే లాయర్‌ని అడగాల్సిందే.

బాండు చెల్లదని ఆన్‌లైన్‌లో అందరూ అనేస్తారు, అది పూర్తిగా నిజం కాదు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ళు పనిచేయాలి, లేదంటే రెండు లక్షలు కట్టాలి అన్న షరతును సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, అక్కడ నియామకం అంటే ప్రకటన, పరీక్ష, బోలెడు ఖర్చు. నీ కంపెనీ రెండు వారాల ట్రైనింగ్ ఇచ్చి యాభై వేలు అడగడం వేరే సంగతి. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం కాగితం మీద ఎంత రాసుకున్నా కోర్టు న్యాయమనుకున్నంతే, ఆ అంకెకి మించకుండా ఇప్పిస్తుంది. మామూలుగా ఈ స్థాయి ఉద్యోగాల్లో కోర్టు దాకా వెళ్ళేవాళ్ళని నేనైతే చూడలేదు. నోటీసు పంపిస్తారు, రిలీవింగ్ లెటర్ ఆపుతారు. అసలు దెబ్బ అక్కడే. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ లెటర్ అడుగుతుంది.

అందుకని ఇంకా నాలుగు నెలలే కాబట్టి ఆ నాలుగు నెలలూ ఉండి వెళ్ళమంటాను. చెప్పకుండా మాయమవ్వడం మాత్రం వద్దు. నోటీస్ పీరియడ్ ఎంతో ఆఫర్ లెటర్‌లో చూసుకో. బాండు అయ్యాక నోటీసు ఇవ్వాలా, బాండులోనే నోటీసు నడవొచ్చా అన్నది కూడా మెయిల్‌లో అడుగు, నోటి మాట మీద ఉండొద్దు. ప్రొవిజనల్ ఒరిజినల్ తిరిగి ఇవ్వమని ఈ వారమే మర్యాదగా మెయిల్ పెట్టు, ఉన్నత చదువుకి అప్లై చేయాలని రాయి. వెరిఫికేషన్ అయిపోయాక అది వాళ్ళ దగ్గర ఉండాల్సిన అవసరమే లేదు.

పీఎఫ్ డబ్బు మానేసిన వెంటనే తీసేయకు, నీ పీఎఫ్ నంబర్ (యూఏఎన్) అదే ఉంటుంది, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకో. సర్వీసు కలిసొస్తుంది. ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను గొడవ కూడా ఉంటుంది. ఆధార్‌లో పేరు, పీఎఫ్‌లో పేరు ఒకేలా ఉన్నాయో ఇప్పుడే చూసుకో, మనవాళ్ళకి ఇంటి పేరు దగ్గర ఎప్పుడూ తేడా వస్తుంది.

ఇంట్లో ఎవరైనా ఈఎస్ఐలో మందులు తీసుకుంటున్నారా?

---

ఓరుగల్లు_పిల్ల

అవును, అమ్మకి షుగర్. నెలకోసారి ఈఎస్ఐ డిస్పెన్సరీలో మందులు తెచ్చుకుంటుంది. నేను అసలు ఆ సంగతే ఆలోచించలేదు.

---

హెచ్ఆర్_వైపు_నుంచి

అందుకే అడిగాను. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా సదుపాయం ఉంటుంది, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు దాకా. తగినన్ని రోజులు కట్టి ఉంటే చాలు. అంటే ఉద్యోగం మానిన మర్నాడే అంతా ఆగిపోదు, కానీ ఖాళీగా ఎక్కువ కాలం ఉంటే ఆగుతుంది. నీ తర్వాతి జీతం 21,000 దాటితే ఈఎస్ఐ పరిధిలో ఉండవు, అప్పుడు కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు ఉంటారో లేదో అడుగు. చాలా కంపెనీల్లో ఉండరు. ఆఫర్‌లో రెండువేలు ఎక్కువ కనబడి, అమ్మ మందులకి మూడువేలు ఖర్చయితే ఏం లాభం.

---

డినయల్స్_డెస్క్

అమ్మా, నేను ఈ ఫీల్డ్‌లోనే పన్నెండేళ్ళుగా ఉన్నాను, కాలర్‌గానే మొదలయ్యాను. నీ పోస్ట్ రాత్రి షిఫ్ట్‌లో బ్రేక్‌లో చదివి, అప్పుడు రాయలేక ఇప్పుడు రాస్తున్నాను.

మొదట నీ టీఎల్ గురించి. ఆయన తప్పు చేశాడు. అయితే ఆయన ఎందుకలా అన్నాడో నాకు తెలుసు, ఆయన్ని రోజూ అడిగేది ఒక్కటే, టీమ్ మొత్తం ఎన్ని అకౌంట్లు ముట్టుకుంది అని. డబ్బు ఎంత వచ్చిందో అడిగేవాళ్ళు వేరే మీటింగ్‌లో ఉంటారు. నువ్వు చెప్పింది ఆ రెండో మీటింగ్‌కి కావలసిన మాట, నువ్వు చెప్పింది మొదటి మీటింగ్ మనిషికి.

నువ్వు చేసినదాన్ని మా దగ్గర రూట్ కాజ్ అంటారు. ఒక్కో డినయల్‌ని విడిగా చూసి ఫోన్ చేసేవాళ్ళు వందల మంది ఉన్నారు, ముప్పై ఒకటీ కలిపి చూసి గడి ఎక్కడ ఖాళీగా ఉందో చెప్పేవాళ్ళు టీమ్‌కి ఒకరుంటే గొప్ప. ఎంఆర్ఐ క్లెయిమ్ చిన్న మొత్తం కూడా కాదు, నంబర్ ఎక్కించి సరిచేసి మళ్ళీ పంపితే చాలావరకు డబ్బు వస్తుంది, ఆలస్యమైతే గడువు దాటిపోయి సీఓ 29 కింద పోతుంది. ఇన్సూరెన్స్‌ని బట్టి ఆ గడువు కొన్నిటికి 90 రోజులే ఉంటుంది. అంటే నీ మాట వినని ప్రతి వారం అక్కడ ఎవరికో నష్టం జరుగుతూనే ఉంది.

కాబట్టి ఒక పని చెయ్. మెయిల్ రాయి, టీఎల్‌కి, క్వాలిటీ వాళ్ళని కాపీలో పెట్టు. ఐదు వాక్యాలు చాలు. ఫలానా బ్రాంచి, ఫలానా కోడ్, ఇన్ని క్లెయిములు, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చిన జవాబు ఇది, ఫ్యాక్స్‌లో నంబర్ ఉంది, క్లెయిమ్‌లో లేదు. "నేను చెప్తే మీరు వినలేదు" అన్న మాట ఎక్కడా రానీయకు. మెయిల్ ఆఫీసు సిస్టమ్ నుంచే పంపు. ఇంకోటి, చాలా ముఖ్యం, పేషెంట్ పేరు, పుట్టిన తేదీ, క్లెయిమ్ నంబర్ లాంటివి ఫోన్‌లోకి, సొంత నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోకు, పేషెంట్ల వివరాలు బయటికి పోకుండా అమెరికాలో హిపా అని నియమాలు ఉన్నాయి, దాని మీద ఉద్యోగాలు పోయినవాళ్ళని చూశాను. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి నీకు అంకెలు చాలు, 31, మూడు వారాలు, 197.

రెండోది, నువ్వు బీఎస్సీ మైక్రోబయాలజీ. మెడికల్ కోడింగ్ వైపు చూశావా? మన దగ్గర కోడింగ్‌లో చాలావరకు పగటి షిఫ్టే, ఫోన్ ఉండదు. డాక్టర్ రాసిన నోట్స్ చదివి జబ్బుకి, చేసిన పనికి కోడ్‌లు వేయాలి. అనాటమీ, ఫిజియాలజీ తెలిసినవాళ్ళకి తొందరగా పట్టుబడుతుంది. ఏఏపీసీ అనే అమెరికా సంస్థ పెట్టే సీపీసీ (కోడర్ సర్టిఫికెట్) పరీక్ష రాస్తారు, 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం రావాలి, కోడ్ పుస్తకాలు చూసుకుంటూ రాయొచ్చు. చూసి రాసేదే కదా అనుకోకు, నాలుగు గంటల్లో పేజీలు తిప్పడానికే టైమ్ సరిపోదు, ఎక్కడ ఏముందో చేతికి తెలిసి ఉండాలి. పాసైతే మొదట అప్రెంటిస్ అని సీపీసీ చివర 'ఏ' అన్న అక్షరం తగిలిస్తారు, అనుభవం చూపించాక అది తీసేస్తారు. డినయల్స్ తెలిసిన కోడర్ దొరకడం మాకు అరుదు, కోడ్ తప్పు పడితే అవతల ఏమవుతుందో నీకు ముందే తెలుసు కదా.

అమీర్‌పేటలో నూటొక్క ఇన్‌స్టిట్యూట్లున్నాయి. ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు పెట్టినదాన్ని వదిలేయ్. డెమో క్లాసుకి వెళ్ళి పుస్తకం తెరిపించి చెప్తున్నారా, పీపీటీ చూపించి పంపేస్తున్నారా చూడు. ముందుగా మీ కంపెనీలోనే కోడింగ్ టీమ్ ఉంటే ఇంటర్నల్‌గా మారే అవకాశం ఉందేమో అడుగు, అలాగైతే బాండు గొడవే రాదు.

---

ఎడిసన్_నుంచి

నేను ఇటువైపు మనిషిని. మాది గుడివాడ, పెళ్ళయ్యాక న్యూజెర్సీ వచ్చాను, ఆరేళ్ళుగా ఒక ఎముకల డాక్టర్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్, బిల్లింగ్ రెండూ చూస్తాను. నువ్వు రాసే నోట్స్ చదివేది నాలాంటివాళ్ళమే.

పొద్దున వచ్చి సిస్టమ్ తెరిస్తే రాత్రి మన దేశంలో ఎవరో రాసిన నోట్స్ ఉంటాయి. చాలావాటిలో "ఫోన్ చేశాం, ప్రాసెస్‌లో ఉంది" అనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి ఎవరో "అనుమతి నంబర్ ఫలానా తారీకు ఫ్యాక్స్‌లో ఉంది, క్లెయిమ్‌లో చేర్చి మళ్ళీ పంపండి" అని రాస్తారు. అది చదివినప్పుడు ఆ మనిషెవరో తెలిస్తే థాంక్స్ చెప్పాలనిపిస్తుంది, కానీ అక్కడ రెండక్షరాల ఐడీ తప్ప ఏమీ ఉండదు.

సీఓ అని వస్తే ఆ డబ్బు క్లినిక్ వదులుకోవాలి, పేషెంట్‌ని అడగకూడదు. పీఆర్ అని వస్తే బిల్లు పేషెంట్ ఇంటికి వెళ్తుంది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా పొరపాటున సీఓవి కూడా పేషెంట్‌కి వెళ్ళిపోతుంటాయి. పోయిన చలికాలం ఒక పెద్దాయన వచ్చాడు. కోటు లోపలి జేబులోంచి బిల్లు తీశాడు, నాలుగు మడతలు, మడతల దగ్గర కాగితం చిరిగిపోయేలా ఉంది, ఎన్నిసార్లు తీసి చూసుకున్నాడో. కౌంటర్ మీద అరచేత్తో సాపు చేసి "నేను ఇది కట్టాలా" అని అడిగాడు. చూస్తే అనుమతి నంబర్ ఎక్కించలేదు, అంతే. మేమే తప్పు చేశాం. ఆయన ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. అది చెప్పగానే కుర్చీలో కూర్చుండిపోయాడు.

నువ్వు అక్కడే ఉండమని నేను చెప్పట్లేదమ్మా. రాత్రిళ్ళు ఆడపిల్ల ఏళ్ళ తరబడి నిద్ర పాడుచేసుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు, మానేసినా నేను మెచ్చుకుంటాను. కానీ పనికిరాని పని చేస్తున్నానని మాత్రం అనుకోకు. ఆ మెయిల్ పంపు.

---

తెనాలి_కుర్రాడు

పైన అక్క రాసింది చదివాక నాకు కూడా ఆ టీఎల్ మీద కోపం వస్తోంది. ఓరుగల్లు గారూ, ఇంకో మాట, హాస్టల్‌లో రాత్రి షిఫ్ట్ వాళ్ళ రూమ్ వేరే ఉందేమో అడగండి. చాలా హాస్టళ్ళలో ఉంటుంది, అడిగితేనే చెప్తారు. నిద్ర సరిగ్గా పడితే సగం టెన్షన్ తగ్గుతుంది, నిర్ణయం కూడా అప్పుడే సరిగ్గా తీసుకోగలరు.

---

ఓరుగల్లు_పిల్ల

ఆరు వారాలైంది, మీ అందరికీ చెప్పకుండా ఉండలేక వచ్చాను.

రూమ్ మారాను. రెండో అంతస్తులో రాత్రి షిఫ్ట్ అమ్మాయిలం ముగ్గురం, కిటికీకి నల్ల దుప్పటి కట్టాం. ఇప్పుడు మధ్యాహ్నం దాకా పడుకుంటున్నాను.

మెయిల్ పంపాను. రాయడానికి రెండు రోజులు పట్టింది, "మీరు వినలేదు" అన్నది మూడుసార్లు రాసి మూడుసార్లు తీసేశాను. టీఎల్ ఏమీ అనలేదు, మెచ్చుకోలేదు, తిట్టలేదు. పది రోజులకి క్వాలిటీలో ఒక మేడమ్ పిలిచి, స్క్రీన్ మీద ఫ్యాక్స్ తెరిపించి ఎక్కడుందో చూపించమన్నారు. చూపించాను. క్లయింట్‌కి పంపామని తర్వాత చెప్పారు. పోయిన వారం నుంచి ఆ బ్రాంచివి 197లు నాకు రావడం బాగా తగ్గింది. నా పేరు ఎక్కడా రాలేదు. నా కౌంట్ మెయిల్ మాత్రం యథాప్రకారం వస్తోంది.

అందుకే నిర్ణయం మారలేదు, ఇక్కడ ఉండను. కానీ ఇప్పుడే పోను. మా దగ్గర కోడింగ్ టీమ్ చెన్నైలో ఉందట, ఇంటర్నల్‌గా కుదరదన్నారు. డిసెంబరులో బాండు అయిపోతుంది, నోటీసు దాని లోపలే నడవొచ్చని మెయిల్‌లో రాయించుకున్నాను, అక్టోబరు చివర్లో ఇస్తాను. ప్రొవిజనల్ తిరిగి ఇచ్చేశారు, రెండోసారి గుర్తు చేశాక. అమీర్‌పేటలో మూడు డెమోలకి వెళ్ళాను, మూడోచోట మేడమ్ మొదటి రోజే పుస్తకం చేతిలో పెట్టి మోకాలి ఆపరేషన్ కోడ్ వెతకమన్నారు, పదకొండు నిమిషాలు పట్టింది నాకు, అక్కడే చేరాను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా క్లాసు, అటు నుంచి అటే ఆఫీసుకి. కష్టంగానే ఉంది కానీ ఆ కష్టం వేరేలా ఉంది.

అశోక్‌నగర్ ఫ్రెండ్‌కి రానని చెప్పాను, కొంచెం బాధపడింది. చిక్కడపల్లి అన్నా, మీరు చెప్పినట్టే నా పోస్ట్ నేనే మళ్ళీ చదువుకున్నాను.

నాన్నకి ఆ ఫ్యాక్స్ సంగతి మొత్తం చెప్పాను, ఎడిసన్ అక్క రాసిన పెద్దాయన గురించి కూడా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మార్కెట్ల కాంటా కాడ చిట్టీ తప్పు రాస్తే గట్లనే అయితది బిడ్డా, నాకెరుకే" అన్నారు. ఎనుమాముల మార్కెట్‌లో ఒకసారి ఆయన పత్తి తూకం చీటీ మీద వేరే పేరు పడి డబ్బు కోసం నాలుగు రోజులు తిరిగారట. నాకు ఇన్నాళ్ళూ తెలియదు. క్లాసు ఫీజుకి ఐదువేలు పంపిస్తానన్నారు, వద్దన్నాను, రెండు నెలలు ఇంటికి నాలుగువేలే పంపిస్తానని అడిగాను, సరేనన్నారు.

పరీక్ష ఫిబ్రవరిలో రాద్దామనుకుంటున్నాను. డినయల్స్ అన్నా, సీనియర్ ఒకమ్మాయి పోయిన ఏడాది కోడ్ పుస్తకాలు సగం ధరకి ఇస్తానంటోంది, తీసుకోనా?

---

డినయల్స్_డెస్క్

ప్రాక్టీసుకి కావాలంటే తీసుకో, పరీక్షకి వద్దు. జబ్బుకి వేసే ఐసీడీ కోడ్‌లు ఏటా అక్టోబరు 1న మారతాయి, చేసిన పనికి వేసే సీపీటీ కోడ్‌లు జనవరి 1న. నువ్వు ఫిబ్రవరిలో రాస్తున్నావు కాబట్టి కొత్త ఏడాది పుస్తకాలే కొను. అవి రాగానే ట్యాబ్‌లు అంటించి, వాటితోనే కనీసం ఒక నెల చెయ్యి అలవాటు చేసుకో. మోకాలికి పదకొండు నిమిషాలన్నావు, ఒక్కో ప్రశ్నకి రెండున్నర నిమిషాల లోపుకి రావాలి.